టెస్ట్ బటన్ నొక్కితే సరిపోతుందా? షాక్ నుంచి కాపాడే స్విచ్‌ని పరీక్షించడం గురించి

తొలకరి వానలు మొదలవగానే పత్రికల జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దండెం మీద బట్టలు ఆరేస్తుంటే కరెంటు కొట్టి ఒక మనిషి పోతారు. కాపాడబోయిన ఇంట్లోవాళ్లలో ఇంకొకరు పోతారు. ఎండాకాలంలో అదే వార్త ఇనుప కూలర్ పేరుతో, చలికాలంలో బకెట్లో పెట్టిన హీటర్ రాడ్డు పేరుతో వస్తుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో దేశం మొత్తం మీద విద్యుదాఘాతంతో చనిపోతున్నవాళ్లు ఏటా పది వేలకు పైనే ఉంటున్నారు.

ఇళ్లలో జరిగే ఇలాంటి మరణాల్లో చాలావాటిని ఆపగల పరికరం ఒకటుంది. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. పేరు ఆర్‌సీసీబీ, అంటే రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్. కరెంటు దారితప్పి నేలలోకి పోతే గుర్తుపట్టి సరఫరా తెంచేస్తుంది. పాత అలవాటు కొద్దీ చాలామంది ఎలక్ట్రీషియన్లు దాన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఈమధ్య కట్టిన ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అది డీబీలో, అంటే ఇంటి లైన్లన్నీ మొదలయ్యే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, ఇప్పటికే బిగించి ఉంటుంది. బిగించిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది పనిచేస్తుందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాని మీద ఉన్న చిన్న బటన్ నొక్కి చూడమని అందరూ చెబుతారు. నొక్కాల్సిందే. కానీ ఆ బటన్ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. మన ప్రాణాలు ఆధారపడిన ప్రశ్నలు ఇంకా కొన్ని ఉన్నాయి.

ఎంసీబీ ఉంది కదా, చాలదా?

ముందు ఈ అపోహ వదలాలి. ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) పని వైర్లను కాపాడటం. వైరు మోయగలిగినదాని కంటే ఎక్కువ కరెంటు పోతేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో అది పడిపోతుంది, అంటే దానంతటదే ఆగి కరెంటు తెంచేస్తుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే సీ కర్వ్ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే దానిగుండా 80 నుంచి 160 ఆంపియర్ల దాకా పారాలి. తడి చేత్తో 230 వోల్టుల తీగను ముట్టుకున్న మనిషి గుండా పోయేది ఎంత? ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే 0.23 ఆంపియర్లు. అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఎంసీబీ దృష్టిలో అది పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి వాడేంత కూడా కాదు. ఆ కరెంటుతో మనిషి పోయినా ఎంసీబీ మాత్రం కదలదు. పాత ఫ్యూజు క్యారియర్ సంగతీ అంతే.

రెండో అపోహ ఎర్తింగ్ గురించి. ఎర్త్ బాగుంటే షాక్ రాదని చాలామంది నమ్మకం. మన ఇళ్లకు కరెంటు స్తంభం నుంచి మామూలుగా ఫేజ్, న్యూట్రల్ రెండే వస్తాయి. ఎర్త్ కోసం ఎవరింటి దగ్గర వాళ్లు గొయ్యి తీసి పైపు పాతుకుంటారు. ఆ గొయ్యి నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. వేసవిలో నేల ఎండిపోయి, నీళ్లు పోసే దిక్కు లేకపోతే అంతకంటే ఎక్కువే ఉంటుంది. గీజర్‌లో ఫేజ్ తీగ బాడీకి తగిలిందంటే ఎర్త్ గుండా పారేది 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు వాడకంగానే భావించి ఊరుకుంటుంది. గీజర్ బాడీ, దానికి కలిసిన కుళాయి, ఎర్త్ వైరుతో ముడిపడిన ఇంట్లోని మిగతా లోహపు బాడీలన్నీ ప్రమాదకరమైన వోల్టేజీ దగ్గర అలాగే ఉండిపోతాయి. గొయ్యి నిరోధాన్ని ఒక ఓము, రెండు ఓములకు దించి దాన్ని అక్కడే నిలబెట్టడం మామూలు ఇంటికి అయ్యే పని కాదు. అదే సర్క్యూట్ ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే అంత కరెంటు నేలలోకి పోతే పడిపోయేది, ఉంటే గొయ్యి నిరోధం వెయ్యి ఓములు ఉన్నా అది పడిపోవడానికి సరిపడా కరెంటు పారుతుంది. మన పద్ధతి వైరింగ్‌లో ఎర్త్‌కి అర్థం వచ్చేది ఆర్‌సీసీబీ పక్కన ఉన్నప్పుడే. ఈ మాట ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లకీ ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

30 అనే అంకె దేన్ని చెబుతుంది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ ఎంత కరెంటు దాకా మనిషి తీగను వదిలించుకోగలడో తెలుసుకోవడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ల మీద ప్రయోగాలు చేశారు. సగటున మగవాళ్లకు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు 10.5 అని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి విడవలేదు. జనం కరెంటు పట్టి లాగేసిందని అనుకునేది దీన్నే. కరెంటు లాగదు, మన కండరాలే విడవవు. 1961లో ఆయనే అమెరికాలో ఇప్పుడు వాడే రక్షణ పరికరానికి రూపం ఇచ్చారు. అది సుమారు 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతుంది. ఆ కాలంలోనే యూరప్‌లో ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మైయర్ లాంటివాళ్లు అభివృద్ధి చేసిన దారిలో 30 మిల్లీ ఆంపియర్ల హద్దు స్థిరపడింది. మన దేశం నడిచేది ఈ రెండో దారిలో. మన ప్రమాణం పేరు ఐఎస్ 12640.

ఈ 30 గురించి ఒక పొరపాటు అభిప్రాయం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. ఆర్‌సీసీబీ ఉంటే ఒంటి గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించి పోదని అనుకుంటారు. అది నిజం కాదు. ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది వోల్టేజీ, మన ఒంటి నిరోధం. ఆ కరెంటు 230 మిల్లీ ఆంపియర్లయినా కావచ్చు. ఆర్‌సీసీబీ తగ్గించేది కరెంటును కాదు, సమయాన్ని. గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి సుమారు 800 మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ చక్రంలో ఒక బలహీన క్షణం ఉంటుంది. అప్పుడు కరెంటు తగిలితే గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలెడుతుంది. అంత కరెంటు ఒక సెకను పాటు సాగితే బతకడం కష్టం. 40 మిల్లీ సెకన్లలోపు ఆగిపోతే ఆ ప్రమాదం చాలా తగ్గిపోతుంది. కాబట్టి ఆర్‌సీసీబీ ఉన్నా షాక్ తగులుతుంది, ఝల్లుమంటుంది, భయపెడుతుంది. కానీ మనిషి మిగులుతాడు. ఇందుకే, దీన్ని పరీక్షించడమంటే పడిందా లేదా అని చూడటంతో అయిపోదు. ఎంత లీకేజీకి (దారితప్పి నేలలోకి పోయే కరెంటుకి) పడింది, ఎంతసేపట్లో పడింది అన్నదీ తెలియాలి.

లోపల జరిగేది

ఫేజ్, న్యూట్రల్ రెండు తీగలూ ఒక ఇనుప వలయం గుండా వెళ్తాయి. ఫేజ్‌లో వెళ్లినంత న్యూట్రల్‌లో తిరిగొస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు మనిషి గుండానో, తడి గోడ గుండానో నేలలోకి పోతే ఆ తేడా మేరకు వలయంలో అయస్కాంత ప్రవాహం మిగులుతుంది. వలయానికి చుట్టిన మూడో తీగలో చిన్న వోల్టేజీ పుడుతుంది. అది ఒక సున్నితమైన రిలేని, అంటే చిన్న అయస్కాంతపు మీటని, కదిలిస్తుంది, స్ప్రింగు విడుదలై స్విచ్ తెగుతుంది. ఇంతే. ఒకే చేత్తో ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ పట్టుకుని, కింద చెక్క బల్ల మీద నిలబడిన మనిషిని ఇది గుర్తుపట్టలేదు. ఎందుకంటే వెళ్లినదంతా తిరిగొస్తోంది. ఆర్‌సీసీబీ ఉందన్న ధైర్యంతో కరెంటు ఆపకుండానే స్విచ్‌బోర్డు విప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ రిలేని కదిలించే శక్తి చాలా తక్కువ. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే దుమ్ము, తేమ, ఎండిపోయిన గ్రీజు చేరి అది బిగుసుకుపోతుంది, వాడని తాళం తుప్పుపట్టినట్టు. నెలకోసారో, మూడు నెలలకోసారో బటన్ నొక్కమని కంపెనీలు పరికరం మీదే రాయడానికి కారణం ఇది. ఆ నొక్కడం పరీక్షా అవుతుంది, వ్యాయామమూ అవుతుంది.

బటన్ చెప్పేది, చెప్పనిది

బటన్ నొక్కితే పరికరం లోపలే ఒక చిన్న నిరోధకం గుండా కొంత కరెంటు వలయాన్ని తప్పించుకుని పక్కదారిలో పోతుంది. అంటే లీకేజీని లోపలే కృత్రిమంగా పుట్టిస్తాం. పడితే వలయం, రిలే, స్ప్రింగు పనిచేస్తున్నట్టు. ఎర్త్ వైరుకు ఈ పరీక్షతో ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఎర్త్ వైరు ఎక్కడా కలపకపోయినా బటన్ నొక్కగానే ఆర్‌సీసీబీ చక్కగా పడుతుంది. అది చూసి ఎర్త్ బాగుందనుకునే ఇళ్లు ఎన్నో.

ఇంకో సంగతి. ఆ బటన్ పుట్టించే లీకేజీ, పరికరం హద్దుకు రెండున్నర రెట్ల దాకా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లదైతే 75 దాకా. అంటే వయసు మీదపడి 60 మిల్లీ ఆంపియర్లు పోతే తప్ప కదలని ఆర్‌సీసీబీ కూడా బటన్ పరీక్షలో నెగ్గే అవకాశం ఉంది. ఎంతసేపట్లో పడిందో మన కంటికీ చెవికీ తెలియదు. 30 మిల్లీ సెకన్లయినా 300 మిల్లీ సెకన్లయినా మనకు ఒకటే టక్కు.

నొక్కే ముందు కంప్యూటర్ లాంటివి ఆపెయ్యండి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లుంటే ఇంకో ఏర్పాటు లేకుండా ముట్టుకోవద్దు. కరెంటు ఉన్నప్పుడే నొక్కాలి, లేనప్పుడు నొక్కితే ఏమీ కాదు. ఒక్క క్షణం నొక్కితే చాలు. పడకపోతే అలాగే పట్టుకుని ఉండకూడదు, లోపలి నిరోధకం మాడిపోతుంది. మొదటిసారి పడక, రెండోసారి పడిందనుకోండి. బాగుపడిందని సంతోషించకండి, మార్చేయండి. నిజంగా షాక్ కొట్టినప్పుడు దానికి దొరికేది మొదటి అవకాశం ఒక్కటే.

స్విచ్ పడ్డాక వెంటనే పైకి లేపెయ్యకుండా ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. నా దృష్టిలో ఈ పరీక్ష మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, ఎవరూ చెయ్యనిదీ ఇదే. ప్రతి సాకెట్‌లో ఛార్జర్ పెట్టి చూడండి. బాత్‌రూమ్ గీజర్, వంటింటి ప్లగ్ పాయింట్లు, వాకిట్లో మోటారు, మేడ మీద బట్టలు ఉతికే చోటు, తర్వాత వేసిన గది. వీటిలో ఏదైనా ఇంకా వెలుగుతుంటే, తిరుగుతుంటే, అది ఆర్‌సీసీబీ కాపలాలో లేదు. ఇల్లు కట్టాక కలిపిన లైన్లను నేరుగా మీటరు దగ్గర నుంచి లాగేయడం మనదగ్గర మామూలే. షాక్ ఎక్కువగా కొట్టేది అలాంటి చోట్లే, నీళ్లు ఉండే చోట్లే.

ఇన్వర్టర్ తెచ్చే చిక్కు

తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ఇన్వర్టర్ ఉంటుంది. విదేశీ సూచనల్లో దీని ప్రస్తావన పెద్దగా ఉండదు కాబట్టి మనమే ఆలోచించుకోవాలి. మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఉంది, దాని తర్వాత ఇన్వర్టర్ ఉంది అనుకుందాం. ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ఫ్యాన్ బాడీకి కరెంటు వచ్చింది. ఆర్‌సీసీబీ గుర్తుపట్టి పడిపోయింది. ఇన్వర్టర్‌కి మాత్రం కరెంటు పోయినట్టు అనిపించింది. క్షణంలో బ్యాటరీ నుంచి అదే లైన్‌కి మళ్లీ 230 వోల్టులు పంపింది. న్యూట్రల్ ఎక్కడ ఎలా కలిపారన్నదాన్ని బట్టి, ఆ ఫ్యాన్ మళ్లీ షాక్ కొట్టే స్థితిలోకి రావచ్చు. ఇప్పుడు దాన్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే ఇన్వర్టర్ నుంచి బయటికొచ్చే లైన్‌కి విడిగా ఇంకో ఆర్‌సీసీబీ ఉండాలి. అది కరెంటు ఉన్నప్పుడే కాదు, బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా పడుతుందో లేదో ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ దగ్గర పరికరంతో చూపించుకోవాలి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ సంబంధం తెగిపోతే లీకేజీకి దారే ఉండదు, పరీక్షలో ఆర్‌సీసీబీ పడదు. ఆ తేడా ఎందుకొచ్చిందో, అది ప్రమాదమో కాదో వైరింగ్ చూసి చెప్పగలిగినవాళ్లే చెప్పాలి. ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆర్‌సీసీబీ ఊరికే పడిపోవడం కూడా చాలాచోట్ల చూస్తాం. అప్పుడు న్యూట్రల్స్ విడదీయాలి. జరిగేది మాత్రం వేరు. ఆర్‌సీసీబీలోకి వచ్చే తీగనూ వెళ్లే తీగనూ ఒకే చోట కలిపేసి, డబ్బా అలంకారంగా ఉంచి, మెకానిక్ వెళ్లిపోతాడు. ఇల్లుగలవాళ్లు సమస్య తీరిందని సంతోషపడతారు. ఇది చూసినప్పుడల్లా నాకు కోపం, భయం రెండూ కలుగుతాయి. ఊరికే పడిపోతున్న ఆర్‌సీసీబీ ఏదో చెబుతోంది. దాని నోరు నొక్కకూడదు.

ఆ చెప్పేది ఏమిటో కనుక్కోవడానికి ప్లగ్గులన్నీ పీకేసి, ఒక్కొక్కటిగా పెడుతూ వెళ్లాలి. ఎంసీబీలు దించితే చాలదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతున్న తప్పు అలాగే ఉంటుంది. చాలాసార్లు పట్టుబడే దొంగ, గీజర్‌లో నీళ్లు వేడిచేసే ఎలిమెంటే. ఒక్కోసారి ఏ ఒక్కటీ తప్పు చేసి ఉండదు. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషీన్, ఎల్‌ఈడీ లైట్లు ఒక్కోటి కొద్దికొద్దిగా లీక్ చేస్తూ అన్నీ కలిసి 20 మిల్లీ ఆంపియర్లు దాటిస్తాయి. 15కూ 30కీ మధ్య ఎక్కడైనా పడే హక్కు ఆర్‌సీసీబీకి ఉంది. దానికి మందు ఇంటిని రెండు మూడు ఆర్‌సీసీబీల కింద పంచడం. 100 మిల్లీ ఆంపియర్లది తెచ్చి పెట్టడం మందు కాదు, అది మనుషుల కోసం చేసింది కాదు. మీ ఇంట్లో ఉన్నది ఏదో ముఖం మీదే రాసి ఉంటుంది. 0.03 ఆంపియర్లు అని ఉండాలి. పక్కనే పెద్ద అక్షరాల్లో 40 అనో 63 అనో ఉండేది అది మోయగల లోడు, సున్నితత్వం కాదు.

పరికరంతో పరీక్ష

మిగిలిన ప్రశ్నలకు జవాబు చెప్పేది ఆర్‌సీడీ టెస్టర్ అనే మీటరు (ఆర్‌సీసీబీ లాంటి పరికరాలన్నిటికీ కలిపి ఉన్న పేరు ఆర్‌సీడీ). దాన్ని సాకెట్లో పెడితే ఫేజ్ నుంచి ఎర్త్ వైరులోకి కొలిచినంత కరెంటు వదిలి, ఎన్ని మిల్లీ సెకన్లలో పడిందో చూపిస్తుంది. లీకేజీ ఎర్త్ వైరు గుండానే పోవాలి కాబట్టి ఆ సాకెట్ ఎర్త్ పరీక్ష కూడా ఇందులోనే అయిపోతుంది. ముందు 15 మిల్లీ ఆంపియర్లు వదలాలి, అప్పుడు పడకూడదు. తర్వాత 30 వదలాలి, 300 మిల్లీ సెకన్లలోపు పడాలి. తర్వాత 150 వదలాలి, 40 లోపు పడాలి. కరెంటు అల పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి కొలిచి రెండిట్లో ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. ఈ మీటరు ప్రతి ఎలక్ట్రీషియన్ దగ్గరా ఉండదు. అపార్ట్‌మెంట్ సంఘాలు అడిగి, అన్ని ఫ్లాట్లకూ ఒకే రోజు చేయిస్తే ఖర్చు పంచుకోవచ్చు.

చాలామంది ఎలక్ట్రీషియన్లు చేసేది జీరో బల్బు పరీక్ష. ఫిలమెంటు ఉన్న 15 వాట్ల బల్బును ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడతారు. దాని గుండా సుమారు 65 మిల్లీ ఆంపియర్లు పోతాయి కాబట్టి ఆర్‌సీసీబీ వెంటనే పడాలి. పడకుండా బల్బు వెలిగితే ఆర్‌సీసీబీ పోయినట్టు. రెండూ జరగకపోతే ఎర్త్ లేనట్టు. తెలివైన పద్ధతే, కానీ ఇంట్లోవాళ్లు చెయ్యాల్సింది కాదు. ఎర్త్ వైరు ఇల్లంతా తిరిగి, గొయ్యి దగ్గర తెగి ఉంటే, పరీక్ష చేస్తున్నంతసేపూ ఫ్రిజ్ బాడీ దాకా ప్రతిదీ ఫేజ్‌తో ముడిపడుతుంది. ఆ సమయంలో వంటింట్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌కి తెలియదు.

కొత్తది కొనేటప్పుడు రెండు సంగతులు అడగండి. మొదటిది దాని రకం. ముఖం మీద ఒక్క అల గుర్తు మాత్రమే ఉంటే అది ‘టైప్ ఏసీ’. దాని కింద సగానికి కోసిన అలల గుర్తు కూడా ఉంటే ‘టైప్ ఏ’. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్ల నుంచి వచ్చే లీకేజీ సాఫీ అలలా ఉండదు, ముక్కలైన అలలా ఉంటుంది. అది టైప్ ఏసీ వలయాన్ని మొద్దుబార్చవచ్చు. ఆస్ట్రేలియా 2023 నుంచి కొత్త వైరింగ్‌లో టైప్ ఏసీని బిగించడమే ఆపేసింది. రెండోది, అది సరఫరా వోల్టేజీ మీద ఆధారపడకుండా పనిచేసేదా అని. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న రకాల్లో కొన్ని, స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ప్రాణం పోయి ఊరుకుంటాయి. ఫేజ్ మాత్రం ఇంట్లో అలాగే ఉంటుంది. మనదగ్గర గాలివానకి న్యూట్రల్ తెగడం అరుదైన సంగతి కాదు.

పొలం దగ్గర మోటారు స్టార్టర్ డబ్బాకి నాలుగు పోళ్ల (మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ చోటున్న) ఆర్‌సీసీబీ పెట్టించుకున్న రైతులు ఒకటి చూసుకోవాలి. దాని టెస్ట్ బటన్ చాలా మోడళ్లలో ఒక ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పనిచేస్తుంది. మోటారుకి మూడు ఫేజులే లాగి న్యూట్రల్ కలపకపోతే బటన్ నొక్కినా ఏమీ కాదు, పరికరం బాగానే ఉండొచ్చు. అలాంటి చోట బటన్‌ని ఏ పోళ్ల మధ్య కలిపారో పరికరంతో వచ్చిన బొమ్మలో చూసి, దాని ప్రకారం తీగలు బిగించమని చెప్పాలి. స్టార్టర్ డబ్బా ఇనుపదైతే దాని ఎర్త్‌ని వర్షాకాలానికి ముందొకసారి, ఎండలు ముదిరాక ఒకసారి కొలిపించుకోవాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే గొయ్యిలో నీళ్లు ఎప్పుడు పోయాలో తెలుస్తుంది.